విశ్వకిరణముల దేశాటనము

తలుపులు బిగించి, కిటికీలు మూసి కూర్చున్నను, పిలువకయే మన యింటికి వచ్చి సెలవు తీసికొనకయే వెడలిపోవు అతిథులు కొందఱు కలరు. వారు కంటికి కనబడరు, చెవికి వినబడరు, ఒడలికి సోకినను సోకినట్లు తెలియదు. అరచేతిని చాచి ఒక్క నిమిషము నిలిపినచో సుమారు నూఱుగురు అట్టి యతిథులు దానిలోనుండి దూరి క్రిందికి పోవుదురు. వంటయింట నున్నను, పూజగదిలో నున్నను, పసిబిడ్డను నిద్రబుచ్చుచు తొట్టియొద్ద కూర్చున్నను ఈ రాకపోకలు నిలువవు. వీనినే శాస్త్రజ్ఞులు విశ్వకిరణములని, కాస్మిక్ కిరణములని చెప్పుచున్నారు.

మన చేతిని దాటి పోవునవి నిజమునకు ఆ కిరణముల సంతానము మాత్రమే. మూలమైన కిరణములు భూమికి మీదనున్న గాలిపొరలను తాకి పగిలిపోగా పుట్టిన తునుకలు మనవఱకు దిగివచ్చుచున్నవి. ఆ మూలకిరణములలో పెక్కింటికి పుట్టినిల్లు సూర్యుడు కాదు. సూర్యునకు ఎంతయో దూరమున, పాలవెల్లిలో ఎక్కడనో నున్నది. మనయొద్దకు వచ్చుటకు అవి సుమారు కోటిన్నర సంవత్సరములు నడచినవని నేటి గణన. అవి బయలుదేఱునాటికి భూమిమీద మనుష్యజాతియే లేదు. కంటికి కానరాని బాటసారి ఎంతకాలము నడచెనో, ఏ త్రోవను వచ్చెనో మానవు డెట్లు తెలిసికొనగలిగెను? సోదరీమణులు ఓపికతో చదివినచో, ఈ విషయమును తెలిసికొనుటకు పెద్ద గణితము అక్కఱలేదనియు, ఇంటింట మనము చేయు తర్కమే చాలుననియు గ్రహింపగలరు.

పేరు కిరణము, వస్తువు కణము

1912వ సంవత్సరము ఆగష్టు 7వ తేదీన ఆస్ట్రియా దేశపు పండితుడు విక్టర్ హెస్ ఉదజనితో నింపిన బెలూనునెక్కి సుమారు 5,300 మీటర్ల ఎత్తునకు పోయెను. నేలలోని ధాతువులనుండి కొంత వికిరణము వెలువడుచున్నదని అప్పటికే తెలియును. పైకి పోయినకొలది అది తగ్గవలయును గదా! హెస్ తన యంత్రములలో చూడగా మొదట కొంచెము తగ్గి, పిమ్మట పెరుగజొచ్చి, మిక్కిలి యెత్తున నేలమీదికంటె రెట్టింపునకు మించి యుండెను. కావున ఆ వికిరణము పైనుండి వచ్చుచున్నదని ఆయన నిశ్చయించెను. అదే సంవత్సరము ఏప్రిలులో సూర్యగ్రహణవేళ పైకి పోయి చూచినప్పుడు వికిరణము తగ్గలేదు. కనుక సూర్యుడు దానికి ముఖ్యకారణము కాడనియు తేలినది. ఈ కృషికై 1936లో హెస్‌కు నోబెలు బహుమానము లభించెను.

కిరణములని పేరు పెట్టినవారు అవి వెలుతురువంటివని తలచిరి. అయితే 1927లో జాకబ్ క్లే అను డచ్చి పండితుడు జావా ద్వీపమునకును ఐరోపాకును నడుమ ఓడప్రయాణములో కొలిచి చూడగా, భూమధ్యరేఖ చెంత అవి తక్కువగా నుండెను. భూమి ఒక పెద్ద అయస్కాంతము. అయస్కాంతమునకు లోబడి ప్రక్కకు తొలగునది వెలుతురు కాజాలదు. విద్యుదావేశముగల కణమే కావలయును. ఆ పిమ్మట జరిగిన పరిశోధనలవలన ఈ కణములలో నూటికి 90వఱకు ఉదజని పరమాణువుల కేంద్రకములనియు, సుమారు 9 హీలియము కేంద్రకములనియు, మిగిలిన కొద్దిలో కర్బనము, ప్రాణవాయువు, ఇనుము మున్నగు వాని కేంద్రకములును ఎలెక్ట్రానులును కలవనియు తెలిసినది. పేరు మాత్రము మారక కిరణములుగానే నిలిచిపోయినది. ఇవి వెలుతురు వేగమునకు, అనగా సెకనుకు 3 లక్షల కిలోమీటర్లకు, దాదాపు సమానమైన వేగముతో పరుగిడుచుండును.

పుట్టినిల్లు

ఇంతటి వేగము వీనికి ఎవరిచ్చిరి? మన సూర్యునికంటె మిక్కిలి బరువైన నక్షత్రములు తమ యాయువు తీరినప్పుడు ఒక్కసారిగా పేలిపోవును. దీనిని సూపర్‌నోవా యందురు. పాలవెల్లిలో ఇట్టి విస్ఫోటములు నూఱేండ్లకు రెండు మూడు జరుగునని అంచనా. విశ్వకిరణములకు ఇవియే కారణమని 1934లోనే బాడే, జ్విక్కీ అను పండితులు సూచించిరి. ఒక్కొక్క విస్ఫోటపు శక్తిలో పదియవ పాలు ఈ కణములకు చేరినను, పాలవెల్లిలోని కిరణముల లోటు తీరుచుండునని లెక్కకు వచ్చుచున్నది.

విస్ఫోటమైనప్పుడు బయటికి తన్నబడిన పదార్థము పెద్ద అలవలె ఆకాశమున వ్యాపించును. ఆ యలకు ముందును వెనుకను చిక్కుపడిన అయస్కాంతక్షేత్రములుండును. కణము అలకు ఈవలినుండి ఆవలికి, ఆవలినుండి ఈవలికి మాటిమాటికి త్రోయబడుచు, దాటినప్పుడెల్ల కొంచెము శక్తిని సంపాదించుకొనును. ఉయ్యాలలో కూర్చున్న బిడ్డను మెల్లగా త్రోసినను, త్రోపు వెంబడి త్రోపు పడగా ఉయ్యాల దూలమువఱకు ఎగయుట మన మెఱిగినదే. కదలుచున్న అయస్కాంతమేఘములు కణములను ఇట్లు త్రోయగలవని 1949లో ఎన్రికో ఫెర్మీ చెప్పెను. విస్ఫోటపుటలయందు ఆ పని మఱింత చురుకుగా సాగునని 1977, 1978 సంవత్సరములలో పలువురు పండితులు వేర్వేరుగా చూపిరి.

ఇందొక విచిత్రము కలదు. నికెలు ధాతువులో 59 అను సంఖ్యగల రకము తన ఎలెక్ట్రానును తానే మ్రింగి కోబాల్టుగా మారును. వేగముగా పరుగిడు కేంద్రకమునకు మ్రింగుటకు ఎలెక్ట్రానులే యుండవు గనుక, పరుగు మొదలైన పిమ్మట ఆ మార్పు జరుగదు. విశ్వకిరణములలో ఈ నికెలు దాదాపు లేదని 1999లో ప్రకటింపబడెను. అనగా ఆ ధాతువు పుట్టిన పిదప లక్ష సంవత్సరములకు తక్కువ కాకుండ ఊరకయుండి, కోబాల్టుగా మారి, తరువాతనే పరుగునకు లేచినది. ఒక నక్షత్రము కన్న బిడ్డను ఆ నక్షత్రమే విసరివేయుట లేదు. మఱియొక విస్ఫోటము వచ్చి లేవనెత్తుకొని పోవుచున్నది.

తిన్నని త్రోవ లేదు

బాణము వచ్చిన దిక్కును చూచి వేటగాడు నిలిచిన చోటు చెప్పవచ్చును. విశ్వకిరణముల విషయమున అట్లు చెప్ప వీలులేదు. పాలవెల్లి యంతట అయస్కాంతక్షేత్రము వ్యాపించియున్నది. అది భూమి అయస్కాంతబలములో లక్షవ వంతు మాత్రమే యైనను, దూరములు పెద్దవగుటచే దాని ప్రభావమును పెద్దదే. 100 కోట్ల ఎలెక్ట్రాను వోల్టుల శక్తిగల ప్రోటాను ఆ క్షేత్రమున ఒకటి రెండు కోట్ల కిలోమీటర్ల వ్యాసార్ధముగల సుడిలో చిక్కి తిరుగును. భూమికిని సూర్యునికిని నడుమనున్న దూరమే 15 కోట్ల కిలోమీటర్లు! ఇక పాలవెల్లి అడ్డుకొలత యన్ననో సుమారు లక్ష కాంతిసంవత్సరములు. అంత పెద్ద మైదానములో ఇంత చిన్న సుడులు చుట్టుచు, క్షేత్రము వంకరపోయిన చోటనెల్ల దారి తప్పుచు, ముందుకు వెనుకకు తడబడుచు ఈ కణములు తిరుగుచున్నవి.

సాయంకాలము ఒక గదిలో సాంబ్రాణి ధూపము వేయుదుము. కొంతసేపటికి దాని పరిమళము ఇల్లంతయు నిండును. పెరటి గదిలో కూర్చున్నవారి ముక్కునకు ఆ వాసన అన్ని వైపులనుండి వచ్చినట్లే తోచును గాని ధూపపాత్ర ఏ మూల నున్నదో తెలియదు. విశ్వకిరణములును అట్లే. ఆకాశమున ఏ దిక్కునకు యంత్రమును త్రిప్పినను అవి దాదాపు సమముగానే వచ్చుచుండును; దిక్కునకును దిక్కునకును భేదము వేయింటికి ఒకటి ప్రమాణమున మాత్రమే కనబడుచున్నది.

చీరకంటిన దుమ్ము, వాడిన మల్లె

దిక్కు తెలియనప్పుడు వేఱు గుర్తులను వెదుకవలయును. దూరదేశమునుండి చుట్టము వచ్చినచో, ఆమె చీరచెఱగున కంటిన దుమ్మును చూచి ఎంతటి మట్టిబాట నడచినదో ఊహింతుము. ఆమె జడలోని మల్లెలు వాడిన తీరును చూచి ఇల్లు విడిచి ఎన్ని గడియలైనదో చెప్పుదుము. విశ్వకిరణములకు ఈ రెండు గుర్తులును కలవు.

మొదటిది దుమ్ము. లిథియము, బెరీలియము, బోరాను అను మూడు తేలిక మూలద్రవ్యములు నక్షత్రములయందు నిలువజాలవు. అచటి వేడికి నశించును. కావున లోకమున అవి మిక్కిలి అరుదు. విశ్వకిరణములలో మాత్రము కర్బనముతో పోల్చదగినంత సమృద్ధిగా నున్నవి! కారణమేమనగా, కర్బన, ప్రాణవాయు కేంద్రకములు త్రోవలో చెదరియున్న ఉదజని పరమాణువులను ఢీకొని పగులుచుండును. ఆ పగిలిన తునుకలే ఇవి. బోరాను ఎంత, కర్బనము ఎంత అని లెక్కించినచో త్రోవలో ఎంత పదార్థమును దాటివచ్చినవో తెలియును. ఆ పదార్థమంతయు కుదించినచో బెత్తెడు లోతు నీటికి సరిపోవును. అది అల్పమని తోచవచ్చును. కాని పాలవెల్లి పళ్లెరములో ఘన సెంటీమీటరునకు, అనగా చిన్న రేగుపండంత చోటునకు, ఉరమరగా ఒక్క పరమాణువు మాత్రమే కలదు. అంత పలుచని చోట బెత్తెడు నీటియంత పదార్థమును దాటవలెనన్న ఆ పళ్లెరపు మందమును వేలసార్లు ఈవలావలికి దాటవలయును.

రెండవది వాడిన మల్లె. బెరీలియములో 10 అను సంఖ్యగల రకము శాశ్వతము కాదు. దానిలో సగము సుమారు 14 లక్షల సంవత్సరములలో నశించి బోరానుగా మారును. 9 అను సంఖ్యగలది చెడక నిలుచును. ఢీకొన్నప్పుడు ఈ రెండును ఏ పాళ్లలో పుట్టునో ప్రయోగశాలలలో కొలువవచ్చును. భూమికి వచ్చిన కిరణములలో ఏ పాళ్లలో నున్నవో ఉపగ్రహములమీది యంత్రములు కొలిచినవి. మొదటిదానిలో చాల భాగము లోపించియుండెను. 1977లో ఒకసారి, 1997లో పైకి పంపిన ఏస్ అను నౌక కొలతలవలన మఱియొకసారి లెక్కవేయగా కాలము సుమారు కోటిన్నర సంవత్సరములని తేలినది.

ఇప్పుడు రెండు గుర్తులను కలిపి చూడవలయును. వెలుతురు వేగముతో కోటిన్నర సంవత్సరములు నడచిన కణము కోటిన్నర కాంతిసంవత్సరముల త్రోవను నడచినదన్నమాట. పాలవెల్లి అడ్డుకొలతకు అది 150 రెట్లు. అంత దూరమును పళ్లెరములోనే తిరిగియున్నచో చీరకంటిన దుమ్ము ఇప్పుడున్న దానికి మూడు రెట్లైనను ఉండవలసినది. దుమ్ము అంత లేదు. కనుక అవి కాలములో చాలభాగమును పళ్లెరమునకు మీదను క్రిందను వ్యాపించియున్న మిక్కిలి పలుచని ప్రదేశములో గడపి, మరల పళ్లెరములోనికి దిగి, మరల పైకి పోయి, ఇట్లు తిరుగాడినవని తేలుచున్నది. కొన్ని ఆ యంచునుండి శాశ్వతముగా బయటికి జారిపోవును. ఎక్కువ శక్తిగలవి త్వరగా జారిపోవుననుటకు నిదర్శనమేమనగా, శక్తి పెరిగినకొలది బోరాను పాలు తగ్గుచున్నది. 2011లో అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున అమర్చిన పెద్ద అయస్కాంత యంత్రము దీనిని సూక్ష్మముగా కొలిచినది.

మూడు ప్రాకారములు

ఇన్ని యుగములు తిరిగి మన వాకిటికి వచ్చిన కణమునకు ఇంకను మూడు ప్రాకారములు అడ్డు. సూర్యునినుండి నిరంతరము వీచు కణప్రవాహము మొదటి ప్రాకారము. సూర్యుడు ఉద్ధృతముగా నున్న కాలమున కిరణములు తక్కువగాను, శాంతించిన కాలమున ఎక్కువగాను లోనికి వచ్చును. ఈ హెచ్చుతగ్గులు సుమారు 11 ఏండ్లకొకసారి తిరుగుచుండును. 1977లో బయలుదేఱిన వాయేజర్ 1 అను నౌక 2012 ఆగష్టులో ఈ ప్రాకారమును దాటి బయట పడగానే విశ్వకిరణముల సంఖ్య హఠాత్తుగా పెరిగినది. భూమి అయస్కాంతము రెండవ ప్రాకారము. దక్షిణ హిందూదేశమువంటి భూమధ్యరేఖా సమీపప్రదేశములలో అది మిక్కిలి బలమైనది, బలహీనకణములను వెనుకకు త్రిప్పివేయును. గాలి మూడవది. దానిలో పగిలి, మ్యూయానులను తునుకలుగా మనవఱకు వచ్చుచున్నవి.

తిన్నగా వచ్చు సాక్షి

త్రోవ చిక్కులు ఎంత తెలిసినను పుట్టినిల్లు ఇదియే యని వ్రేలుపెట్టి చూపుటకు సాక్షి కావలెను గదా. ఆవేశములేని గామా కిరణమే ఆ సాక్షి. అయస్కాంతము దానిని వంచలేదు. విస్ఫోటస్థలముచెంత వేగముగల ప్రోటానులు అచటి మేఘములను ఢీకొన్నప్పుడు పయానులను అల్పాయుష్కములు పుట్టి, వెంటనే గామా కిరణములుగా మారును. ఆ మార్పునకు ప్రత్యేకమైన గుర్తు ఒకటి కలదు. ఫెర్మీ పేరిట 2008లో పంపిన దూరదర్శిని మిథునరాశిలో ఒకటి, గరుడమండలములో నొకటి, రెండు ప్రాచీన విస్ఫోటావశేషములలో ఆ గుర్తును పట్టినదని 2013లో ప్రకటించిరి. సుమారు ఎనుబదియేండ్ల క్రిందటి ఊహకు ఇట్లు సాక్ష్యము దొరికెను.

అయినను కథ ముగియలేదు. పదికోట్ల కోట్ల ఎలెక్ట్రాను వోల్టులను దాటిన కణములకు ఈ విస్ఫోటములు చాలునా యన్నది నేటికిని తర్కములో నున్నది. 2021లో చైనాదేశపు పర్వతప్రాంతమునందలి లాసో యంత్రశాలవారు అట్టి శక్తిని చూపు 12 స్థలములను ప్రకటించిరి. అంతకంటె ఎన్నో రెట్లు మించినవి మన పాలవెల్లికి వెలుపలనుండియే వచ్చుచున్నవని అర్జెంటీనాలోని పియర్ ఓజే యంత్రశాలవారు 2017లో చూపిరి. 1991లో అమెరికాలోని యూటా రాష్ట్రమున కనబడిన ఒక్క కణమునందు, గంటకు 90 కిలోమీటర్ల వేగమున విసరిన క్రికెట్ బంతికున్నంత శక్తి యుండెను!

ఈ కృషిలో స్త్రీలు

ఈ చరిత్రలో మనము మఱువరాని స్త్రీ లిద్దఱు కలరు. వియన్నా నగరపు మారియెట్టా బ్లౌ ఛాయాచిత్రపు ఫలకములమీద కణముల జాడలను పట్టు విద్యను వృద్ధిచేసి, తన సహచరి హెర్తా వంబాకరుతో కలిసి, 1937లో పర్వతశిఖరమున నుంచిన ఫలకములలో విశ్వకిరణము కేంద్రకమును బద్దలుచేసిన నక్షత్రాకారపు జాడలను కనుగొనెను. యూదజాతి స్త్రీ యగుటచే 1938లో ఆమె దేశము విడువవలసి వచ్చెను.

రెండవయామె మన దేశపు విభా చౌధురి. 1913లో జన్మించి, 1936లో కలకత్తా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమునందు ఎం. ఏస్సీ. పట్టమును పొందెను, ఆ తరగతిలో స్త్రీ ఆమె యొక్కతయే. దేవేంద్రమోహన బోసు గారితో కలిసి డార్జిలింగు, సందక్‌ఫూ మున్నగు ఎత్తైన చోట్ల ఫలకములను నెలలకొలది ఉంచి, ప్రోటానుకంటె తేలికయు ఎలెక్ట్రానుకంటె బరువునుగల కణముల జాడలను పరిశీలించెను. 1941, 1942 సంవత్సరములలో వారి వ్యాసములు నేచర్ పత్రికలో వెలువడినవి. యుద్ధకాలమగుటచే మేలిరకపు ఫలకములు వారికి దొరకలేదు. యుద్ధానంతరము అట్టి మేలిఫలకములతో ఇంగ్లండులో సెసిల్ పవెల్ బృందము 1947లో పయానును కనుగొనగా, 1950లో నోబెలు బహుమానము పవెల్‌కు వచ్చెను. విభాదేవి 1991లో మరణించువఱకు ఆమె పేరు ఎఱిగినవారు తక్కువ. 2019లో అంతర్జాతీయ ఖగోళసంఘమువారు ఒక నక్షత్రమునకు విభా యని పేరుంచిరి. సామగ్రి దొరకని కారణమున చేజారిన కీర్తి అది; తెలివి చాలక కాదు.

మన దేశమున ఈ శాస్త్రమునకు అనుకూలమైన చోట్లు పెక్కు కలవు. హైదరాబాదునందలి టాటా సంస్థవారి బెలూనుల కేంద్రమునుండి యంత్రములు ఆకాశమునకు పోవుచుండును. ఉదకమండలమున సుమారు 2,200 మీటర్ల ఎత్తున గాలిపొరలలో కురియు కణవర్షమును కొలుచుచున్నారు. కోలారు బంగారుగనులలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున, విశ్వకిరణములవలన గాలిలో పుట్టిన న్యూట్రినోలను 1965లోనే పట్టిరి.

మనకేమి సంబంధము?

ఇన్ని కిరణములు దూరుచుండగా దేహమునకు హాని లేదా యని తల్లులు సందేహింపవచ్చును. పైనున్న గాలి మనకు బలమైన కవచము. మానవజాతి యంతయు ఈ కిరణముల నడుమనే పుట్టి పెరిగినది. ఇండ్లలోనుండువారు భయపడవలసిన పని లేదు. కవచమును దాటి బహుదినములు అంతరిక్షమునకు పోవువారికి మాత్రము ఇది గొప్ప సమస్యయే.

మేలును కొంత కలదు. ఈ కిరణములు నత్రజనిని తాకుటవలన 14 అను సంఖ్యగల కర్బనము పుట్టి, చెట్లలోను ధాన్యములోను చేరును. ప్రాచీనవస్తువుల వయస్సును నిర్ణయించుటకు అదియే ఆధారము. మఱియొకటి: అవసాలి నగలను అతుకుటకు వాడు వెలిగారములో బోరాను కలదు, పచ్చలహారములోని మరకతములో బెరీలియము కలదు. సూర్యుడును భూమియు పుట్టకమునుపే విశ్వకిరణములు త్రోవలో పరమాణువులను పగులగొట్టగా ఏర్పడిన తునుకలే బెరీలియములో దాదాపు సర్వమును, బోరానులో చాలభాగమును. మెడలోని పచ్చ ఏ గనిలోనుండి వచ్చినను, దానిలోని యొక మూలద్రవ్యము ఈ బాటసారుల చేతిపని.

పుష్య మాఘ మాసములలో రాత్రివేళ మిథునరాశి నడినెత్తిన ప్రకాశించును. దాని పాదముచెంత కంటికి కనబడకున్న యొక విస్ఫోటావశేషమునుండి ఈ కణములు నేడును బయలుదేఱుచున్నవి. బిడ్డలకు నక్షత్రములను చూపునప్పుడు ఆ చోటును గూడ చూపవచ్చును. అడిగిన ప్రశ్నలకు విసుగక బదులు చెప్పినచో, మన యాడుబిడ్డలలో ఎవతెయో మిగిలిన చిక్కును విప్పునేమో! ఆ పిల్లకు కావలసిన ఫలకములు ఈసారి సమయమునకు అందునట్లు చూచుట పెద్దల విధి.